తొమ్మిదో తీగ వెంట హిందూపురం నుంచి ధర్మవరం దాకా

ముందే ప్రమాణం చేసి మొదలుపెడుతున్నాను. ఇన్నేళ్లుగా నాకు కూడు పెడుతున్న క్రింపింగ్ ప్లయరు, అంటే ప్లగ్గులు నొక్కి బిగించే పట్టకారు మీద ఎడమ చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. కుడి చెయ్యి ఎందుకు వెయ్యలేదని అడగొద్దు. దాని బొటనవేలు అదే ప్లయర్లో పడి నలిగి ప్రస్తుతం సెలవులో ఉంది. నేను నోరు తెరిస్తే 'కోతలరాయుడు మొదలెట్టాడు' అని లేచిపోయేవాళ్లు తెనాలిలో వీధికొకరున్నారు. ఈ ఒక్కసారికి వాళ్లు కూడా కూర్చోవచ్చు.

నేను చేసేది గాలిలో ఇంటర్నెట్ పంపే పని. ఈ మాట చెప్పినప్పుడు మా మేనత్త నన్ను మంత్రగాడి కింద జమకట్టి తాయెత్తు అడిగింది. ఇందులో మంత్రమేమీ లేదు. ఒక ఊళ్లో ఎత్తయిన చోట గిన్నెలాంటి యాంటెనా, దాని వెనక చిన్న రేడియో పెట్టె బిగిస్తాం. దానికి ఎదురుగా ఇంకో ఊళ్లో ఇంకొకటి. పెట్టె నుంచి కింద గదిలోకి ఒక కేబుల్ దిగుతుంది. పెట్టెకు కావలసిన కరెంటు, అది పంపే ఇంటర్నెట్టు రెండూ అందులోనే పోతాయి. గిన్నె చూసి జనం నోరెళ్లబెడతారు గానీ, దాని ప్రాణం ఆ కేబుల్ కొసన ఉన్న బొటనవేలి గోరంత ప్లగ్గులో ఉంటుంది. ఎండా వానా పిడుగూ అన్నీ వచ్చి దాని తలుపే తడతాయి.

మాకు హిందూపురం నుంచి పెనుకొండ కొండ మీదికి, అక్కడి నుంచి ధర్మవరానికి ఒక లింకు ఉంది. ధర్మవరం కొసన దాన్ని నమ్ముకున్నది ఒక్క నెట్ సెంటరు. ఉరిమితే చాలు, లింకు తెగుతుంది. పోయినేడు ఇంటర్ ఫలితాల రోజునే గాలివాన వచ్చి తెగింది. పిల్లలు ఏడ్చారు, పెద్దలు అరిచారు, ఎవరో కుర్చీ విరగ్గొట్టారు. ఈ ఏడు ఫలితాలు దగ్గరపడ్డాయి. మా యజమాని నన్ను పిలిచి, "బాగుచేసిరా. ఈసారి కూడా తెగితే మాత్రం ధర్మవరం పెట్టె పీకి పట్టుకొచ్చెయ్. కదిరిలో ఇంకొకాయన అడుగుతున్నాడు" అన్నాడు. అలా ఒక చేతికి సుత్తి, ఇంకో చేతికి స్పానరు ఇచ్చి నన్ను రైలెక్కించారు.

హిందూపురం: పళ్లెమంత ఇడ్లీ

తెనాలిలో ఇడ్లీ అరచేతిలో ఇముడుతుంది. హిందూపురం బజారులో నా ముందు ఆకు మీద తెల్లగా, గుండ్రంగా, వెడల్పుగా ఒకటి పెట్టి పోతే నేను దాన్ని పళ్లెం అనుకుని, దాని మీదికి ఇడ్లీ ఎప్పుడు వస్తుందా అని చాలాసేపు ఎదురుచూశాను. హోటలాయన జాలిపడి, "తినప్పా, అదే ఇడ్లీ" అన్నాడు. రెండోది చెప్పేంత ధైర్యం నాకు లేకపోయింది. పక్కన చెనిక్కాయల చట్నీ, అంటే మన వేరుశనగ చట్నీ. మా వైపు అల్లం పచ్చడికి అలవాటుపడ్డ నాలుక మొదట మొహం చిట్లించింది గానీ, చివరికి ఆకును కూడా వదల్లేదు. డబ్బులు తీయబోతే, "దుడ్లు యాడికి పోతాయప్పా, కాఫీ తాగినాక ఈయి" అన్నాడు. సగం తెలుగు, సగం కన్నడం, మొత్తం మర్యాద.

ఊరు నాకు నచ్చింది. మే నెలలో మా తెనాలి గాలి తడి గుడ్డలా మొహానికి చుట్టుకుంటుంది. ఇక్కడ ఎండ ఎండలానే కాస్తుంది, నీడ నీడలా ఉంటుంది. బజారంతా చింతపండు, బెల్లం వాసన. ఆ వాసన మధ్యలో మోటార్ల కాయిల్స్ చుట్టే గఫార్ భాయ్ అంగడి ఉంది. ఫ్యాన్ రెక్కలు, స్విచ్చులు, పాత మోటార్లు, వాటి మధ్యన ఎప్పుడో ఒకసారి కంప్యూటర్ సామాన్లు కూడా పెట్టుకున్నాడు. నేను విజయవాడ నుంచి తెచ్చుకున్న లోహపు ప్లగ్గుల పొట్లం అక్కడ విప్పి, వెంట తెచ్చుకున్న కొత్త కేబుల్ కొస ఒకదానిలో దూర్చబోయాను. దూరలేదు. అది బయట ఎండకు, వానకు తట్టుకోవాలని రెండు తొడుగులు వేసుకున్న లావు కేబుల్. నేను తెచ్చినవి ఇంట్లో వాడే సన్న కేబుళ్ల ప్లగ్గులు.

గఫార్ భాయ్ బీడీ పక్కన పెట్టి తమాషా చూస్తున్నాడు.

"సార్, పెండ్లికొడుకు లావు, చొక్కా సన్నం. ఇంత దూరం వస్తా కొలత చూసుకోలేదా?"

"లావు గొంతువి ఉంటే ఇవ్వు భాయ్. లోహపు తొడుగుండాలి."

"ఇనుముది ఎందుకు సార్? ప్లాస్టిక్‌ది ఉండాది కదా, అద్దం మాదిరి మెరుస్తాంటాది. ఊరంతా ఇదే తీసుకుపోతాండారు."

"ఇంట్లో అయితే అదే చాలు. నాది కొండ మీద."

"కొండెక్కితే ఎద్దు ఏనుగైతాదా ఏంది? ప్లగ్గు ప్లగ్గే కదా."

ఇక్కడ నేను బల్ల మీద కేబుల్ చీల్చి, ఉపన్యాసం మొదలుపెట్టాను. మీకూ అదే చెబుతాను, రైలు కదిలే లోపు అయిపోతుంది. ఈ కేబుల్లో రంగురంగుల తీగలు ఎనిమిది. వాటి చుట్టూ చాక్లెట్ కాగితంలాంటి రేకు. ఆ రేకును ఒరుసుకుంటూ, తొడుగు లేని సన్నటి తీగ ఒకటి, తొమ్మిదోది. పిడుగు దూరంగా పడినా, పక్కన మోటారు గురకపెట్టినా, గాలికి దుమ్ము రాసుకుని కరెంటు పుట్టినా ఆ అల్లరంతా రేకు పట్టుకుంటుంది, తొమ్మిదో తీగ దాన్ని ప్లగ్గు లోహపు తొడుగుకు అందిస్తుంది, తొడుగు పెట్టెకు, పెట్టె స్తంభానికి, స్తంభం భూమికి. ప్లాస్టిక్ ప్లగ్గు పెడితే ఆ గొలుసు అక్కడే తెగుతుంది. పట్టుకున్న దొంగను స్టేషనుకు తీసుకుపోకుండా మన నట్టింట్లోనే వదిలేసినట్టు.

"అంటే ఇది దొంగను పట్టే ప్లగ్గు" అన్నాడు గఫార్ భాయ్. నా ఉపన్యాసం మొత్తం ఒక్క మాటలో తేల్చేసి, లోపలికి పోయి, బూజుపట్టిన డబ్బా ఒకటి తెచ్చాడు. లావు గొంతు లోహపు ప్లగ్గులు! "బెంగళూరోడు తప్పుగా పంపినాడు సార్. ముట్టుకుంటే షాకు కొడతాదని ఎవురూ తీసుకోలేదు. మా ఇంట్లో ఆమె ఒకటి తాళాల గుత్తికి తగిలించుకునింది."

ఒక్కొక్కటీ తీసి చూశాను. గొంతులో కేబుల్ బిగుతుగా కూర్చుంటుందా? లోపలి ఇత్తడి పళ్లు గట్టి తీగను కరిచేవేనా, లేక పోగుల తీగకు చేసినవా? వెనక తోకరేకు కేబుల్ మెడను వాటేసుకుంటుందా? అన్నీ సరిపోయాయి. ధర విషయానికొస్తే, ప్లాస్టిక్ ప్లగ్గు డబ్బుకి ఆ ఊళ్లో ఒక మిరపకాయ బజ్జీ వస్తుంది, లోహపుదాని డబ్బుకి భోజనం వస్తుంది. తేడా అంతే, కానీ ఎవరూ భోజనం పెట్టరు.

ఎవరి కోసమని అడిగితే ధర్మవరం షంషాద్ నెట్ సెంటరు అన్నాను. గఫార్ భాయ్ మొహంలో నవ్వు ఆగింది.

"ఆయమ్మ మా చిన్నాయన బిడ్డ. పోయినేడు కుర్చీ ఇరగ్గొట్టినోళ్లకే మళ్లా టీ తాపించి పంపింది. సార్, మీరు బాగుచేసేకి పోతాండారా, పీకేకి పోతాండారా?"

కోతలు కొయ్యడం నా వృత్తి కాకపోయినా ప్రవృత్తి. అయినా ఆ ఒక్క ప్రశ్నకు కోత కొయ్యలేదు. "ముందు బాగుచేసేకే" అన్నాను, ఆయన యాసలోనే.

పెనుకొండ: ఉప్పు తిన్న గొర్రెలు

పెనుకొండ కొండ చూస్తే ఎవరో రాక్షసుడు బండలు సంచిలో తెచ్చి గుమ్మరించి, సర్దే ఓపిక లేక పోయినట్టుంటుంది. బండల మధ్యన కోట గోడలు, గోడల మీద కోతులు. మా స్తంభం పైన ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఓబులేసు. రొద్దం వైపు మనిషి, గొర్రెలు కాస్తాడు. గొర్రెలతో పాటు మా స్తంభాన్ని కూడా కాస్తాడు. నిజానికి స్తంభమే మేలు, అది అటూ ఇటూ పోదు.

ఎక్కుతుండగా గాలి ఎలా ఉందంటే, నేను కింద అన్న "అమ్మో" నేను పైకి చేరేసరికి నాకంటే ముందే అక్కడ ఉంది. నాకు ఊపిరి అందడం లేదు. ఓబులేసుకు కథలు ఆగడం లేదు.

"పోయిన తూరి పిడుగు పడింది సామీ. తీగ గుండా దిగి నా సంగటి కుండలో దూరింది. సంగటి ఉడికిపాయ. ఒక్క కట్టె కూడా కాల్చలేదు."

నేను ఊరుకుంటానా! "మా తెనాలిలో కాలువలో పిడుగు పడితే, చేపలన్నీ వేగిపోయి ఒడ్డుకొచ్చాయి. మేం ఉప్పు చల్లుకోవడమే తరువాయి."

ఓబులేసు ఆగి, తలపాగా సర్దుకుని, "నువ్వు నాకంటే పెద్దోడివి సామీ" అన్నాడు. నమ్మలేదని అర్థం. కానీ అప్పటి నుంచి 'సామీ' మానేసి నన్ను 'అన్నా' అనసాగాడు. అబద్ధానికి అబద్ధం తోడైతే చుట్టరికం కలుస్తుంది.

పైన పెట్టె విప్పి చూశాను. ప్లాస్టిక్ ప్లగ్గు. చుట్టూ రేకు లేదు. తొమ్మిదో తీగ లేదు.

"ఇది ఎవరు పెట్టారు?"

"నేనేన్నా. కోతి కొరికేసింది. మీ కంపెనీ పిల్లోడు ఇంతకుముందు చేస్తాంటే చూస్తిని కదా, అట్లనే చేసి పెడితిని. సెంటరు ఆయమ్మ ఫోన్లో ఏడుస్తాంటే ఎన్ని దినాలని ఊరుకుండేది?"

"మరి తొడుగు లేని తీగ ఒకటి ఉండాలే?"

"ఉన్నింది. గూళ్లు ఎనిమిదే ఉండాయి, తీగలు తొమ్మిది. గొర్రెల దొడ్డిలో చోటు చాలకపోతే మిగిలినదాన్ని బయట కడతాం కదా, అట్ల దాన్ని కత్తిరిస్తి. ఆ వెండి కాగితం మా పాపకిస్తి. బొమ్మకు కిరీటం చేసుకునింది."

ఏం తిడతాను? ఆ తీగకు గూడు లేదన్నది నిజమే. దానికి లోపల చోటుండదు. వెనక్కి మడిచి లోహపు తొడుగు కింద పరుపు వేసి పడుకోబెట్టాలి. ఎవరూ చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? నేను దగ్గర కూర్చోబెట్టుకుని చూపించాను. తోలు ఒలిచాను, రేకును వెనక్కి మడిచాను, తొమ్మిదో తీగను దాని మీద చుట్టాను, ఎనిమిది తీగల్నీ రంగుల వరుసలో బారుగా నిలబెట్టి ప్లగ్గులోకి తోశాను, ప్లయరుతో నొక్కాను. తోకరేకు మడిచిన రేకు మీద, తీగ మీద గట్టిగా కరుచుకుంది. "ఓహో, దానికి గూడు లేదు గానీ దుప్పటి ఉండాది" అన్నాడు ఓబులేసు.

ఇక భూమి తీగ. స్తంభం పక్కన గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు కలిపి పూడ్చి అందులో రాగి కడ్డీ పాతుతాం. అల్లరంతా చివరికి అక్కడికే చేరాలి. వెళ్లి చూస్తే గుంత ఉన్నచోట గిన్నెలాంటి పల్లం, నున్నగా, ఎవరో నాలుకతో నాకినట్టు. నాకినట్టు కాదు, నాకారు. ఓబులేసు గొర్రెలు ఉప్పు రుచి మరిగి, రోజూ కొండెక్కి, మా ఎర్త్ గుంతను నైవేద్యంలా ఆరగించాయి.

"అందుకేనన్నా ఈ మధ్య ఇవి బలే పుష్టిగా ఉండాయి" అన్నాడు ఓబులేసు, ఒక గొర్రె వీపు తడుముతూ. చాలా సంతోషంగా ఉన్నాడు.

మళ్లీ తవ్వాం. మళ్లీ బొగ్గు, ఉప్పు. ఈసారి పైన బండ పెట్టాం. ఆ బండ దొర్లించేటప్పుడే నా టేపు చుట్టను ఒక కోతి ఎత్తుకుపోయి, గోడ మీద కూర్చుని, కొస కోసం తెగ వెతికింది. దొరక్క, కోపమొచ్చి నా మీదికే విసిరింది. టేపు కొస దొరకని బాధ తెలిసిన ప్రాణి ఒకటి ఈ లోకంలో ఉందని నాకు ఊరట కలిగింది.

మధ్యాహ్నం ఓబులేసు ఇంట్లో రాగి సంగటి, ఊరుబిండి అనే చెనిక్కాయల రోటిపచ్చడి. సంగటి ముద్దను నమలబోతే అతని భార్య నవ్వి, "నమలకూడదన్నా, మింగాల. నమిలితే పండ్లు పట్టుకుంటాది" అంది. మా వైపు అన్నాన్ని నమిలి మింగుతాం, మాటల్ని నమలకుండా వదులుతాం. ఇక్కడ తిరగేసి ఉంది వ్యవహారం.

ధర్మవరం: మేడ మీది నిమ్మకాయ

ధర్మవరంలో దిగితే మొదట వినపడేది మగ్గాల చప్పుడు. ఏ వీధిలో నడిచినా గోడల వెనక నుంచి టకటక. ఊరు ఊరంతా ఏదో రైలెక్కి కూర్చుని, కదలకుండా ప్రయాణం చేస్తున్నట్టుంటుంది. తెనాలిలో ఇంటి ముందు ముగ్గు చూసి ఆ ఇంటివాళ్ల ఓపిక చెబుతాం. ఇక్కడ గుమ్మంలో ఆరేసిన పట్టుదారం రంగు చూసి ఏ పెళ్లికి చీర పోతోందో చెప్పేస్తారు.

షంషాద్ నెట్ సెంటరు ఒక మగ్గం ఇంటి ముందుగదిలో ఉంది. ఆమెకు ముప్ఫై దాటి ఉంటాయి. వాళ్ల నాయన పట్టుకు రంగులద్దుతాడు. గుమ్మంలో నన్ను చూడగానే టీ చెప్పి, కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడింది.

"గఫారన్న ఫోన్ చేసినాడు సార్. ముందు బాగుచేసేకి వచ్చినానంటిరంట. వెనక ఏముండాది?"

దాచలేదు. "ఈసారి కూడా తెగితే పెట్టె తెచ్చెయ్యమన్నారమ్మా."

ఆమె తల ఊపింది. అరవలేదు. "రేపే ఫలితాలు. రేపు తెగితే మీరు పీకాల్సిన పనే లేదు, నేనే ఇప్పి మీ చేతికిస్తా. ఈ వీధిలో పిల్లోల్లంతా ఫీజు లేకుండా నా దగ్గరే టైపింగ్ నేర్చుకునింది. పోయినేడు వాళ్లే నా గుమ్మంలో కూకోని ఏడ్సినారు. ఇంకో తూరి ఆ మొగాలు చూడలేను సార్." తర్వాత నిచ్చెన చూపించింది. "పైకి పోదాం రాండి."

మేడ మీద ఇంటి యజమానురాలు లక్ష్మమ్మవ్వ దారం కండెలు ఎండబెడుతోంది. ఆమె కొడుకులు కింద నేస్తారు. నన్ను ఎగాదిగా చూసి, "ఏమప్పా, గిన్నె డాక్టరు నువ్వేనా?" అంది.

గిన్నె వెనక పెట్టె, పెట్టె అడుగున కేబుల్ దూరే చోటు. ఆ చోటుకే నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దిష్టి దండ వేలాడుతోంది. తాజాది. దాని కింద ఎండిపోయినవి ఇంకా కొన్ని. దండను మామూలు దారంతో గుచ్చలేదు, పాత జరీ పోగుతో గుచ్చి, ఆ జరీనే ప్లగ్గు మెడకు నాలుగు చుట్లు చుట్టి ముడి వేశారు. ముడి అలాగే ఉంచి ప్లగ్గు లాగి చూస్తే లోపల పళ్లు పచ్చగా, పాచి పట్టిన రాగి చెంబులా ఉన్నాయి. నిమ్మరసం జరీ పట్టుకుని చుక్కచుక్కగా సరాసరి ప్లగ్గులోకి దిగింది. పైన గాలివాన వచ్చి తడిపిందా, ఇక చెప్పక్కర్లేదు.

"ఈ దండ ఎవరు కడతారు?"

"నేనేనప్పా" అంది అవ్వ గర్వంగా. "శుక్రవారం శుక్రవారం మారుస్తా. బిడ్డ పెద్ద వ్యాపారం పెట్టింది, ఊరి కండ్లన్నీ దీని మీదనే ఉండాయి. దారమైతే ఎండకు తెగుతాదని జరీ పెట్టినా. మంచిది, పాతకాలం జరీ."

నేను నా విద్య ప్రయోగించాను. ఈ కొత్త ప్లగ్గుకు లోహపు కవచం ఉందనీ, దిష్టి దీన్ని చూసి ఆమడ దూరం నుంచే దండం పెట్టి పోతుందనీ, మా తెనాలిలో దీన్ని పసిపిల్లల మొలతాడుకు కడతారనీ చెప్పుకుపోయాను.

అవ్వ కండె పక్కన పెట్టింది. "నాయనా, నేను నలభై ఏండ్లుగా చీరల యాపారుల మాటలు ఇంటాండా. నీ సరుకులో పోగు తెగింది. ఉన్నమాట చెప్పు."

ఉన్నమాట చెప్పే ధైర్యం నాకు లేదు. షంషాద్ చెప్పింది.

"అవ్వా, నిమ్మకాయ రసం దాంట్లోకి పోతాండాది. దానికే చెడిపోతాండాది."

అవ్వ ఎండిన దండల వైపు చూసింది. "పోయినేడు కూడానా?"

"అయ్యుండొచ్చు."

"అంటే కుర్చీ ఇరగ్గొట్టించింది నేనేనా?"

షంషాద్ ఆమె పక్కన కూర్చుంది. "ఎవురు కట్టమన్నారు నిన్ను? ఎవురూ అనలేదు. నా కోసం నువ్వే కట్టినావు. ఇప్పుడు నా కోసమే ఇప్పు."

అవ్వ లేచి, ముడి తనే విప్పింది. జరీని సగంలో తెంచకుండా, మెల్లిగా, చుట్టు చుట్టూ తీసింది. చేతిలో దండ పట్టుకుని, "మరి దిష్టి యాడికి పోవాల? దానికీ ఒక చోటు కావాల కదా" అంది. నేను నోరు తెరవబోయేలోపు తనే జవాబు చెప్పేసుకుంది. "అయినా చూసేటోళ్లంతా కిందనే కదా ఉండేది. పైన ఎవురుండారు, కాకులు తప్ప? దండ వాకిలికి కడదాం." మేడ దిగి, నెట్ సెంటరు గుమ్మానికి కట్టేసింది. లోపలికి వచ్చే ప్రతివాడి నెత్తికీ తగిలేటట్టు.

పని మొదలుపెట్టాను. పాత ప్లగ్గు కోసేశాను, పాచి పట్టినంత మేరా కేబుల్ కోసేశాను. కొత్త కొస ఒలిచాను, మడిచాను, చుట్టాను, తోశాను, నొక్కాను. ఇంత అందమైన ప్లగ్గు నా జన్మలో కట్టలేదు. అందరికీ చూపిస్తున్నాను. అప్పుడు షంషాద్ పిట్టగోడ మీద నుంచి నల్లటి రబ్బరు మూత ఒకటి తీసి, "సార్, ఇది దేనికి?" అని అడిగింది.

అది నీరు పోకుండా ప్లగ్గు వెనక బిగించే మూత. ప్లగ్గు కట్టకముందే కేబుల్‌కు ఎక్కించాలి. ఒకసారి ప్లగ్గు కట్టాక అది ఆ మూతలోంచి దూరదు. ఈ పొరపాటు చెయ్యని మనిషి మా వృత్తిలో పుట్టలేదు, పుట్టినా ఒప్పుకోడు. అవ్వ ఇంతసేపటికి మొదటిసారి నవ్వింది. "కాజాలు కుట్టకుండా గుండీలు పెట్టినట్లుండాదే నీ కత!" నా జన్మలోకెల్లా అందమైన ప్లగ్గును కోసి పారేసి, మూత ఎక్కించి, రెండో అందమైనదాన్ని కట్టాను. కేబుల్‌ను ప్లగ్గు కిందుగా ఒక వంపు వేలాడదీశాను. వాన నీరు కేబుల్ వెంట జారి, వంపు దగ్గర బొట్లుగా రాలిపోతుంది, ప్లగ్గు దాకా ఎక్కదు. పైన సాగే రబ్బరు టేపు చుట్టాను.

తీగకొక దీపం ఉండే టెస్టరు పెడితే ఎనిమిది దీపాలు వరసగా వెలిగాయి. ఇంతవరకు ఆ ఊళ్లో ఎప్పుడూ వెలగని చివరి దీపం, తొమ్మిదోది, అది కూడా వెలిగింది. అవ్వ దానికి దండం పెట్టబోయి, నన్ను చూసి మానుకుంది.

ఫలితాల రోజు

పొద్దున్నే గుమ్మంలో జనం. లోపలికి వచ్చే ప్రతివాడూ నిమ్మకాయ నెత్తికి తగిలించుకుంటూ వస్తున్నాడు. ఫలితాలు మధ్యాహ్నం. ఇంకా గంట ఉందనగా పడమట మబ్బు లేచింది. నల్లగా, బర్రెల మందలా తోసుకుంటూ వచ్చింది. గాలి లేచి వీధిలో ఆరేసిన పట్టుదారాలన్నీ రంగురంగుల గాలిపటాలై ఎగిరాయి. వడగండ్లు పడ్డాయి, ఒక్కొక్కటి హిందూపురం ఇడ్లీ అంత. కరెంటు పోయింది. బ్యాటరీ మీద కంప్యూటర్లు కూర్చున్నాయి. పిడుగు ఎంత దగ్గరగా పడిందంటే, ఆ వెలుతురులో అవ్వ సూదిలో దారం ఎక్కించేసింది.

షంషాద్ చెయ్యి మౌస్ మీద ఉంది. నేను కళ్లు మూసుకున్నాను.

పేజీ తెరుచుకుంది. "నాగవేణీ, పాసు!" అని ఆమె అరిచింది. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు. వాన ఆగేదాకా లింకు రెప్ప వాల్చలేదు. పోయినేడు కుర్చీ విరగ్గొట్టిన పెద్దమనిషి, కొడుకు మార్కులు చూసి, కొత్త కుర్చీ తెచ్చి గుమ్మంలో పెట్టి పోయాడు.

ఒప్పుకోలు

ప్రమాణం చేశాను కాబట్టి ఇది చెప్పకుండా ముగించలేను. గొర్రెలు ఉప్పు నాకడం నిజం. బొమ్మ కిరీటం నిజం. కోతి టేపు విసరడం, నిమ్మకాయ, జరీ, అవ్వ మాటలు, అన్నీ నిజం.

వాన అబద్ధం.

ఫలితాల రోజు ధర్మవరం మీద చినుకు పడలేదు. మబ్బు తునక లేదు. కొత్త కుర్చీ కూడా నేనే కల్పించాను. ఆయన వచ్చి, మార్కులు చూసుకుని, పాత కుర్చీలోనే కూర్చుని, టీ తాగి పోయాడు. అలాంటి ఎండలో తుప్పు పట్టని ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టినా లింకు నిలిచేదే. సాయంత్రం సంచి సర్దుకుంటుంటే షంషాద్ నవ్వుతూ, "ఈ పొద్దు గెలిచింది ఎండ సార్. మీరు కాదు. వానొచ్చినప్పుడు చూద్దాం" అంది. యజమానికి ఫోన్ చేసి "నిలబడింది" అన్నాను. వాతావరణం సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇంటికొచ్చాక ప్రతివాడికీ ఆ కథ చెబుతూ, ప్రతిసారీ ఇంకాస్త వాన పోశాను. ఏం చెయ్యను, వానలేని కథలో నా ప్లగ్గుకు పనిలేదు.

కొన్ని వారాల తర్వాత తెనాలిలో టీ తాగుతుంటే ఫోన్ మోగింది. అవతల మాట లేదు. చాటలో రాళ్లు పోసి చెరుగుతున్నట్టు ఒకటే హోరు, మధ్యలో ఉరుము.

"ఇనపడతాండాదా సార్?" షంషాద్ గొంతు.

"వాన" అన్నాను.

"అది కాదు. ఒకాయన బెంగళూరుకు రైలు టికెట్టు తీసుకుంటాండాడు. ఇంకా లోపల ఇనండి."

టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఫోన్ చెవికి ఒత్తిపట్టుకున్నాను. వాన వెనక, ఉరుము వెనక, సన్నగా, కీచుకీచుమంటూ, ఆమె ప్రింటరు టికెట్టు అచ్చు వేస్తోంది.